కారులో ఎలక్ట్రిక్ వాటర్ పంప్: లాభం ఎక్కడ, ఉన్నవాళ్లు ఎలా చూసుకోవాలి, లేనివాళ్లు పెట్టించుకోవాలా

మార్చి దాటిందంటే చాలు, బండి హీటెక్కుతోంది ఏం చేయాలి అని అడిగేవాళ్లు మొదలవుతారు. ఈ మధ్య దానితో పాటు ఇంకో ప్రశ్న కూడా వస్తోంది: పాత పంప్ తీసేసి ఎలక్ట్రిక్ వాటర్ పంప్ పెట్టించేస్తే ఈ గోల ఉండదు కదా? ఎలక్ట్రిక్ పంప్ నిజంగా మంచి వస్తువు, అందులో అనుమానం లేదు. కాకపోతే అది ఫ్యాక్టరీ నుంచే వచ్చిన బండికి చేయాల్సిన పని వేరు, బెల్ట్ పంప్ ఉన్న బండికి కొత్తగా తగిలించే పని వేరు. ఈ రెండూ కలిపేసి మాట్లాడటం వల్లే డబ్బులు తగలేసుకుంటున్నారు. అందుకని రెండూ విడివిడిగా చెప్తాను.

ముందు అసలు తేడా ఏంటో చూద్దాం. ఇంజిన్‌లోని వేడిని మోసుకెళ్లే నీటిని, అంటే కూలెంట్‌ని, ఇంజిన్‌కి రేడియేటర్‌కి మధ్య తిప్పేది వాటర్ పంప్. మామూలు వాటర్ పంప్‌ని బెల్ట్ తిప్పుతుంది, ఆ బెల్ట్‌ని ఇంజిన్ తిప్పుతుంది. ఇంజిన్ ఎంత స్పీడుగా తిరిగితే పంప్ అంత స్పీడు. ఐడిలింగ్‌లో 800 ఆర్‌పీఎం (అంటే నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర నెమ్మదిగా, 6000 దగ్గర అంతకు ఏడు రెట్లకు పైగా. వేడి మాత్రం ఆర్‌పీఎం లెక్కన పుట్టదు, ఎంత ఇంధనం కాలుస్తున్నాం అన్న లెక్కన పుడుతుంది. కాల్చిన పెట్రోల్‌లో ఉన్న శక్తిలో దాదాపు మూడో వంతు కూలెంట్‌లోకి వేడిగా పోతుంది. మే నెల మధ్యాహ్నం శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నారనుకోండి, అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ ఆన్, ముందు లారీ ఉంది కాబట్టి 2000 ఆర్‌పీఎం దగ్గరే యాక్సిలరేటర్ బాగా తొక్కి లాగుతున్నారు. ఇంజిన్‌లో వేడి విపరీతంగా పుడుతోంది, పంప్ మాత్రం 2000 లెక్కనే తిరుగుతోంది, రేడియేటర్‌కి గాలి కూడా సరిగ్గా తగలడం లేదు. అదే బండి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద నింపాదిగా 100లో పోతుంటే ఎదురుగాలి బ్రహ్మాండంగా కొడుతుంది, అంత నీరు తిప్పాల్సిన అవసరమే లేదు, అయినా పంప్ ఇంకా ఎక్కువ స్పీడులో తిరుగుతూనే ఉంటుంది. అవసరమైనప్పుడు తక్కువ, అక్కర్లేనప్పుడు ఎక్కువ. పైగా పంప్ స్పీడు రెట్టింపైతే అది తినే పవర్ రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు అవుతుంది. హై ఆర్‌పీఎంలో బెల్ట్ పంప్ చేసే దండుగ ఇదే.

ఎలక్ట్రిక్ పంప్‌కి బెల్ట్ లేదు. లోపల చిన్న బ్రష్‌లెస్ మోటార్ ఉంటుంది, ఇంజిన్ కంప్యూటర్ వేడి చూసి, లోడ్ చూసి ఇప్పుడు ఇంత స్పీడు తిరుగు అని చెప్తుంది. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉన్నా పంప్ ఫుల్ స్పీడులో తిరగగలదు, ఇంజిన్ 3000లో ఉన్నా పంప్ మెల్లగా ఉండగలదు, ఇంజిన్ ఆపేశాక కూడా తిరగగలదు. లాభాలన్నీ ఈ ఒక్క సంగతి నుంచే పుట్టాయి.

ఇదేం కొత్త ప్రయోగం కాదు. బీఎండబ్ల్యూ 2004లో తెచ్చిన ఎన్52 సిక్స్ సిలిండర్ ఇంజిన్‌లో 200 వాట్ల ఎలక్ట్రిక్ పంప్ పెట్టింది, తర్వాత వచ్చిన ఎన్54 టర్బో ఇంజిన్‌కి 400 వాట్లది. టొయోటా 2009లో మూడో తరం ప్రియస్‌ని ముందువైపు ఒక్క బెల్ట్ కూడా లేకుండా తయారుచేసింది, వాటర్ పంప్ కరెంటు మీద, ఏసీ కంప్రెసర్ కరెంటు మీద. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ కూడా ఆ దారిలోదే. ఇక పూర్తి ఎలక్ట్రిక్ కార్లలో కూలెంట్ తిప్పేదంతా ఎలక్ట్రిక్ పంపులే, అక్కడ బెల్ట్ తగిలించడానికి ఇంజినే లేదు.

లాభం నిజంగా తెలిసేది ఎప్పుడు

చాలామంది ట్రాఫిక్‌లో ఐడిలింగ్ గురించి చెప్తారు. నా లెక్కలో అసలు పరీక్ష అది కాదు, ఊరికే ఐడిలింగ్‌లో ఉన్న ఇంజిన్ పెద్దగా వేడి పుట్టించదు. అసలు పరీక్ష ఘాట్ ఎక్కి పైకి రాగానే చెక్‌పోస్ట్ దగ్గర ఆగినప్పుడు. అప్పటిదాకా గట్టిగా లాగిన ఇంజిన్, సిలిండర్ హెడ్ నిండా వేడి ఉంది, ఒక్కసారిగా ఆర్‌పీఎం 800కి పడిపోయింది. బెల్ట్ పంప్ సరిగ్గా ఆ నిమిషంలోనే నీరసపడుతుంది, టెంపరేచర్ ముల్లు పైకి లేచేది కూడా అప్పుడే. ఎలక్ట్రిక్ పంప్ ఆ వేడి దిగేవరకు ఫుల్ స్పీడులో నీరు తిప్పుతూనే ఉంటుంది.

రెండోది, బండి ఆపేశాక. టర్బో పెట్రోల్ ఇంజిన్లలో టర్బో (ఎగ్జాస్ట్ పొగతో తిరిగి ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసే భాగం) గుండా పోయే ఎగ్జాస్ట్ 900 డిగ్రీల దాకా చేరుతుంది. హైవే మీద నుంచి నేరుగా హోటల్ ముందు ఆపి కీ తిప్పేస్తే, టర్బో బేరింగ్‌లో నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గులా గట్టిపడుతుంది. అందుకే ప్రధాన పంప్ బెల్ట్ మీదే ఉన్న కొన్ని టర్బో బళ్లలో కూడా టర్బో కోసం విడిగా ఒక చిన్న ఎలక్ట్రిక్ పంప్ ఉంటుంది. బండి లాక్ చేసి వెళ్లిపోతుంటే బానెట్ కింద నుంచి కొన్ని నిమిషాలు సన్నగా జుయ్‌మని వినిపించేది అదే. బ్యాటరీ అయిపోతుందేమో అని టెన్షన్ పడి దాని ఫ్యూజ్ పీకేసేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయొద్దు.

మూడోది పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు. చల్లటి ఇంజిన్‌లో కూలెంట్ తిప్పడం అనవసరం, ముందు ఇంజిన్ త్వరగా వేడెక్కాలి. ఎలక్ట్రిక్ పంప్ ఆగి ఉంటుంది లేదా చాలా మెల్లగా తిరుగుతుంది. పిల్లల్ని స్కూల్లో దింపి రెండు కిలోమీటర్లు తిరిగి వచ్చే బళ్లకి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే చల్లగా ఉన్నంతసేపూ ఇంజిన్ ఎక్కువ పెట్రోల్ తాగుతుంది, అరుగుదల కూడా అప్పుడే ఎక్కువ. దీని కోసం టొయోటా ఎంత దూరం వెళ్లిందంటే, అమెరికాలో అమ్మిన రెండో తరం ప్రియస్‌లో ఒక వాక్యూమ్ ఫ్లాస్కు పెట్టి, వేడి కూలెంట్‌ని మూడు రోజుల దాకా అందులో దాచి, మళ్లీ స్టార్ట్ చేసే ముందు చిన్న ఎలక్ట్రిక్ పంప్‌తో ఇంజిన్ హెడ్‌లోకి పంపేది. నాకు చాలా నచ్చిన ఇంజినీరింగ్ అది.

ఇంకోటి, టెంపరేచర్‌ని కావలసినట్టు మార్చుకోవడం. ఎన్52లో నింపాదిగా నడిపేటప్పుడు కూలెంట్‌ని 105 డిగ్రీలు, ఆ పైన కూడా ఉంచుతుంది, ఆయిల్ పల్చబడి రాపిడి తగ్గుతుంది. గట్టిగా తొక్కగానే పంప్ స్పీడు పెంచి, థర్మోస్టాట్ (కూలెంట్ రేడియేటర్‌కి వెళ్లే దారిని తెరిచి మూసే వాల్వ్) తెరిచి 95 కిందకు దింపుతుంది. పంప్ స్పీడుని ఇలా మార్చడం బెల్ట్ పంప్‌తో సాధ్యం కాదు.

మైలేజ్ సంగతి కూడా చెప్పాలి. పెరుగుతుంది, కానీ కొద్దిగానే, ట్యాంక్ ఫుల్ చేసి లెక్కేస్తే మీకు కనపడేంత కాదు. పంప్‌కి కరెంటు బండిలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచే రావాలి, ఆల్టర్నేటర్‌ని తిప్పేది ఇంజినే, మధ్యలో చాలా శక్తి వేడిగా పోతుంది. మైలేజ్ కోసం ఎలక్ట్రిక్ పంప్ పెట్టించుకోండి అని ఎవరైనా చెప్తే ఆ మాట పక్కన పెట్టేయండి.

మీ బండిలో ఏ పంప్ ఉందో చూడండి

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, రేడియేటర్ కింది హోస్ పైపు ఎటు వెళ్తుందో దాని వెంటే చూస్తూ పోండి. అది ఇంజిన్ పక్కన పుల్లీ, బెల్ట్ ఉన్న భాగం దగ్గర ఆగితే బెల్ట్ పంప్. పుల్లీ లేకుండా గుండ్రంగా, వెనక వైర్ల కనెక్టర్‌తో ఒక డబ్బా లాంటిది కనిపిస్తే ఎలక్ట్రిక్. పుల్లీ బయటికి కనపడక, టైమింగ్ కవర్ లోపలికి పోతే ఆ పంప్ టైమింగ్ బెల్ట్ (ఇంజిన్ వాల్వులని సరైన సమయానికి తెరిచేలా తిప్పే లోపలి బెల్ట్) మీదో చైన్ మీదో తిరుగుతోందన్నమాట. డస్టర్‌లో వచ్చిన 1.5 లీటర్ డీజిల్ ఇంజిన్ అలాంటిదే, ఆ బళ్లలో టైమింగ్ బెల్ట్ మార్చినప్పుడే పంప్ కూడా మార్పించేయాలి, లేకపోతే లేబర్ రెండుసార్లు కట్టుకోవాలి.

ఒక్క హెచ్చరిక. ఇంజిన్ ఆపి ఉన్నా ఫ్యాన్ తనంతట తాను తిరగొచ్చు, హైబ్రిడ్ అయితే ఇంజినే స్టార్ట్ కావచ్చు. పవర్ పూర్తిగా ఆఫ్ చేసి, కీ జేబులో కాకుండా దూరంగా పెట్టి మరీ చేతులు లోపల పెట్టండి.

ఎలక్ట్రిక్ పంప్ ఉన్నవాళ్లు చేయాల్సింది

బెల్ట్ పంప్ పోయేముందు చాలా సంకేతాలు ఇస్తుంది. పంప్ బాడీ కింద చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి సీల్ అరగడం మొదలైతే అందులోంచి చుక్క చుక్కగా కూలెంట్ కారి, ఎండి, ఆ రంధ్రం నుంచి కిందికి తెల్లగానో గులాబీ రంగులోనో చార కడుతుంది, వేలితో గీకితే పొడిపొడిగా రాలుతుంది. బేరింగ్ అరిగితే శబ్దం వస్తుంది, పుల్లీ పట్టుకుని ఊపితే కదులుతుంది. ఎలక్ట్రిక్ పంప్ చాలాసార్లు ఇవేవీ చెప్పదు. లోపలి ఎలక్ట్రానిక్స్ పోతే నిన్న బాగున్న పంప్ ఇవాళ తిరగదు. డ్యాష్‌బోర్డ్ మీద వార్నింగ్ వస్తుంది, బండి పవర్ తగ్గించేస్తుంది, అంతే. దీని అసలు లోపం ఇదే, ఖరీదు కూడా బెల్ట్ పంప్ కంటే బాగా ఎక్కువ. అందుకే హైదరాబాద్ సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో పాత బీఎండబ్ల్యూ 3 సిరీస్, 5 సిరీస్ పెట్రోల్ కొనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: లక్ష కిలోమీటర్లు దాటి, పంప్ మార్చిన బిల్లు లేకపోతే, ఆ ఖర్చు ముందే బేరంలో తీసేయండి. పంప్ మారుస్తున్నప్పుడు థర్మోస్టాట్ కూడా కలిపి మార్పించండి.

ముందు జాగ్రత్తల్లో అన్నిటికంటే ముఖ్యమైనది కూలెంట్. బోరు నీళ్లు పోయకండి, కుళాయి నీళ్లు కూడా వద్దు. మన బోరు నీళ్లలో ఉండే సున్నం రేడియేటర్ సన్నటి గొట్టాల్లో, పంప్ లోపల తెల్లగా పేరుకుపోతుంది, ఎలక్ట్రిక్ పంప్ రోటర్ ఆ కూలెంట్‌లోనే మునిగి తిరుగుతుంది కాబట్టి దానికి ఇంకా చేటు. మీ మాన్యువల్‌లో రాసిన రకం కూలెంటే పోయండి, అది నీళ్లు కలపని చిక్కటి రకం అయితే డిస్టిల్డ్ వాటర్ సగం సగం, ముందే కలిపి అమ్మేది అయితే అలాగే. మనకి చలి లేదు కదా కూలెంట్ ఎందుకు అనేవాళ్లకి చెప్పాల్సింది, అది గడ్డకట్టకుండా ఉండటానికి మాత్రమే కాదు, మరిగే ఉష్ణోగ్రత పెంచుతుంది, తుప్పు పట్టకుండా ఆపుతుంది. రంగు చూసి కలిపేయడం కూడా తప్పు, రెండు గులాబీ రంగు కూలెంట్లు ఒకటే అని గ్యారంటీ లేదు.

ఎండలకి థర్మోస్టాట్ పీకేద్దాం అని షెడ్డులో ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఫ్యాక్టరీ ఎలక్ట్రిక్ పంప్ ఉన్న బండిలో థర్మోస్టాట్, పంప్ రెండూ కలిసి ఒకే లెక్క మీద పనిచేస్తాయి, ఒకటి తీసేస్తే ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే ఉండి పెట్రోల్ తాగేస్తుంది, ఎర్రర్ కోడ్‌లు వస్తాయి.

ఇంకో మంచి అలవాటు, బండి కంప్యూటర్‌లోని లెక్కలు ఫోన్‌లో చూపించే చిన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొని పెట్టుకోవడం. డ్యాష్‌బోర్డ్ ముల్లుని చాలా కంపెనీలు మధ్యలోనే నిలబడేలా చేస్తాయి, అసలు వేడి 85 అయినా 105 అయినా అది కదలదు. స్కానర్‌లో మాత్రం నిజమైన డిగ్రీలు కనిపిస్తాయి. మీ బండి మామూలుగా ఎంత దగ్గర ఉంటుందో నాలుగు రోజులు గమనించి పెట్టుకుంటే, తేడా వచ్చినప్పుడు వెంటనే తెలిసిపోతుంది.

రోడ్డు మీద హీటెక్కితే ఏం చేయాలి? ఇక్కడ మన పాత అలవాటు ఒకటి మార్చుకోవాలి. బెల్ట్ పంప్ బళ్లలో ముల్లు పైకి లేస్తుంటే న్యూట్రల్‌లో పెట్టి కొంచెం రేజ్ చేయమంటారు, దానికి అర్థం ఉంది, పంప్ స్పీడు పెరుగుతుంది. ఎలక్ట్రిక్ పంప్ బండిలో రేజ్ చేస్తే పంప్ స్పీడు దానివల్ల పెరగదు, వేడి మాత్రం పెరుగుతుంది. ఏసీ ఆపండి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి బ్లోయర్ పెంచండి, పక్కకు తీయండి. పంప్ వార్నింగ్ వచ్చినా, ఆవిరి కనిపించినా వెంటనే ఇంజిన్ ఆపేయండి. ఇంకో రెండు కిలోమీటర్లే కదా అని లాగితే అల్యూమినియం సిలిండర్ హెడ్ వంగిపోతుంది, దాని కింద ఉండే సీల్, అంటే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, అప్పుడు పంప్ ఖరీదు చిన్నదిగా కనిపిస్తుంది. వేడి మీద రేడియేటర్ క్యాప్, కూలెంట్ ట్యాంక్ క్యాప్ అస్సలు తీయొద్దు, లోపల ప్రెషర్‌లో ఉన్న కూలెంట్ 100 డిగ్రీలు దాటి ఉంటుంది, మూత లేవగానే ముఖం మీదకు చిమ్ముతుంది.

పంప్ పోయిందని తీర్మానించే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫ్యూజ్, రిలే, కనెక్టర్ పిన్నులకి పచ్చగా తుప్పు పట్టిందా, బ్యాటరీ వోల్టేజ్ బాగుందా, కూలెంట్ లెవెల్ ఉందా. ఎలుకలు వైర్లు కొరికిన కేసులు మన దగ్గర తక్కువేం కాదు. ఆ తర్వాత స్కానర్ పెట్టించండి. టొయోటా హైబ్రిడ్‌లలో పీ261బీ కోడ్ వస్తే ఇంజిన్ పంప్ వైపు చూడాలి, పీ0ఏ93 వస్తే ఇన్వర్టర్‌ని (హైబ్రిడ్ మోటార్‌కి కరెంటు మార్చి ఇచ్చే పెట్టె) చల్లబరిచే వైపు చూడాలి. అది వేరే పంప్, వేరే ట్యాంక్, రెండు పంపుల్నీ ఒకటే అనుకుని తప్పుది మార్చేస్తుంటారు. మంచి స్కానర్‌లో పంప్‌ని విడిగా తిప్పి చూసే ఆప్షన్ ఉంటుంది. తిప్పమన్నప్పుడు పంప్ మీద చేయి పెడితే సన్నటి వణుకు తెలియాలి. కరెంటు వస్తున్నా వణుకు లేదంటే పంప్ అయిపోయినట్టే.

మార్చాక గాలి తీయడం

పంప్ మార్చడం కంటే ఇక్కడే ఎక్కువమంది చెడగొడతారు. సిస్టమ్‌లో ఎయిర్ లాక్ ఉంటే, అంటే గాలి ఇరుక్కుని ఉంటే, కొత్త పంప్ గాలిలో తిరుగుతుంది, బండి మళ్లీ హీటెక్కుతుంది, నింద పంప్ మీదకి పోతుంది. క్యాప్ తీసి స్టార్ట్ చేసి పది నిమిషాలు వదిలేసే పాత పద్ధతి ఈ బళ్లకి చాలదు, ఎందుకంటే ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ పంప్ సరిగ్గా తిరగదు.

ఎన్52 ఉన్న బీఎండబ్ల్యూలో పద్ధతి ఇదీ. బ్యాటరీకి చార్జర్ తగిలించండి. ట్యాంక్‌లో మ్యాక్స్ గీత దాకా కూలెంట్ పోసి క్యాప్ బిగించండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయండి, మధ్యలో ఆరిపోకుండా హెడ్‌లైట్లు కూడా ఆన్ చేసి ఉంచండి. హీటర్ పూర్తి వేడిలో, బ్లోయర్ అన్నిటికంటే తక్కువలో. యాక్సిలరేటర్ కింది దాకా తొక్కి 10 సెకన్లు పట్టుకుని వదిలేయండి. పంప్ దానంతట అదే మొదలై, స్పీడు పెంచుతూ తగ్గిస్తూ సుమారు 12 నిమిషాలు తిరుగుతుంది, మధ్యలో గడగడమని గాలి పోయే శబ్దం వినిపిస్తుంది. ఆగాక లెవెల్ చూసి తగ్గినంత పోయండి, అవసరమైతే మళ్లీ చేయండి. ఆ ఇంజిన్ బ్లాక్‌లో మెగ్నీషియం ఉంటుంది కాబట్టి పంప్ బోల్టులు అల్యూమినియంవి, ఒక్కసారి వాడేవి. పాతవే మళ్లీ బిగిస్తుంటే ఆపించండి, బిగించేటప్పుడే తెగిపోతాయి. టొయోటా హైబ్రిడ్‌లకి అయితే స్కానర్‌తో పంప్ తిప్పుతూ గాలి తీయడం మేలు, వాక్యూమ్ పెట్టి కూలెంట్ నింపే పరికరం ఉన్న షెడ్డు దొరికితే ఇంకా మేలు.

బెల్ట్ పంప్ బండికి కొత్తగా పెట్టించాలా

రోజూ ఆఫీసుకి తిరిగే మామూలు బండికి వద్దు. బాగున్న బెల్ట్ పంప్, శుభ్రంగా ఉన్న రేడియేటర్, సరిగ్గా పనిచేసే ఫ్యాన్, మంచి ప్రెషర్ క్యాప్ ఉంటే 45 డిగ్రీల ఎండలో కూడా ఆ బండి హీటెక్కకూడదు. హీటెక్కుతోందంటే వీటిలో ఏదో పోయింది, అది వదిలేసి పంప్ మారిస్తే జబ్బు అలాగే ఉంటుంది. వారంటీ ఉన్న బండి అయితే అసలు ఆలోచించొద్దు.

పెట్టించడంలో అర్థం ఉన్నది పంప్ దొరకని పాత బళ్లకి, వేరే ఇంజిన్ ఎక్కించిన బళ్లకి, ట్రాక్ మీదో ఆఫ్‌రోడ్‌లోనో తిప్పేవాటికి. ఇలాంటి కిట్లు తయారుచేసే వాటిలో ఆస్ట్రేలియాలోని డేవీస్ క్రెయిగ్ పేరున్నది, వాళ్ల మోడల్ పేర్లలో 80, 115, 150 అని ఉండేది నిమిషానికి ఎన్ని లీటర్లు తిప్పుతుందో ఆ లెక్క. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే చిన్న 12 వోల్టుల పంపులు నిమిషానికి 15, 20 లీటర్లవి, అవి హీటర్ కోసం, ఇంటర్‌కూలర్ కోసం. వాటిని ప్రధాన పంప్‌గా పెడితే ఇంజిన్ పోతుంది.

పెట్టించేటప్పుడు పంప్‌ని రేడియేటర్ కింది హోస్‌లో, వీలైనంత కిందికి పెట్టాలి, ఎప్పుడూ నీటిలో మునిగి ఉండేలా, రేడియేటర్ నుంచి ఇంజిన్ వైపు తోసేలా. వేడి కొలిచే సెన్సార్ మాత్రం ఇంజిన్ నుంచి వేడి నీరు బయటికొచ్చే చోట ఉండాలి. వేడిని బట్టి పంప్ స్పీడు మార్చే కంట్రోలర్ ఉన్న కిట్ అయితేనే థర్మోస్టాట్ తీసేయాలి, దాని పని కంట్రోలర్ చేస్తుంది. కంట్రోలర్ లేకుండా పంప్‌ని నేరుగా ఇగ్నిషన్‌కి కలిపేస్తే లాభాలన్నీ పోయినట్టే. పాత పంప్ పుల్లీ మీద నుంచే ఆల్టర్నేటర్ బెల్ట్ వెళ్తుంటే బాడీ అలాగే ఉంచి లోపల నీటిని తోసే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్ మాత్రం తీసేయడం తేలిక. టైమింగ్ బెల్ట్ మీద ఉన్న పంప్ అయితే దాన్ని పూర్తిగా తీసేయడం కుదరదు. హీటర్ లైన్ మూసేయకుండా నీరు తిరిగే దారి ఉంచాలి.

వైరింగ్‌లో పొదుపు వద్దు. పది ఆంపియర్ల దాకా లాగే పంప్‌కి 2.5 ఎంఎం కంటే సన్నటి వైరు వద్దు, ఫ్యూజ్ బ్యాటరీ దగ్గరే ఉండాలి, ఎర్త్ నేరుగా బ్యాటరీకే ఇవ్వాలి. ఆల్టర్నేటర్‌కి ఆ అదనపు లోడ్ మోసే శక్తి ఉందో లేదో హెడ్‌లైట్లు, ఏసీ, ఫ్యాన్ అన్నీ ఆన్ చేసి ఐడిలింగ్‌లో వోల్టేజ్ కొలిచి చూడండి, 13 వోల్టుల కిందకు పడుతుంటే ముందు ఆల్టర్నేటర్ సంగతి చూడాలి. బెల్ట్ తెగితేనే ఆగే పంప్‌ని తీసేసి ఫ్యూజ్ పోతే ఆగే పంప్ పెడుతున్నారు కాబట్టి, గట్టిగా మోగే టెంపరేచర్ అలారం కూడా తప్పకుండా పెట్టించండి. మొదటి వారం ఊరు దాటకుండా తిప్పి, ప్రతిరోజూ పొద్దున్న ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు హోస్ క్లిప్పులు మళ్లీ ఒకసారి బిగించి, లెవెల్ చూసుకోండి. కొత్త రబ్బరు వేడికి సర్దుకునేటప్పుడే లీకులు బయటపడతాయి.